గరిటె వలకి సరిపడ్డ మర

అచ్యుతాపురంలో నేను పనిచేసే కంపెనీ వాల్వులు తయారు చేస్తుంది. అందులో నాది క్వాలిటీ చెకింగ్. పొద్దున్నే అనకాపల్లిలో కంపెనీ బస్సు ఎక్కిన దగ్గర్నుంచి సాయంత్రం దిగేదాకా మరలు చూడటమే నా ఉద్యోగం. బోల్టు మీద, పైపు మూతి లోపల మెలికలు తిరుగుతూ ఒక గాడి ఉంటుందే, అదే మర. మా దగ్గర ప్రతి సైజుకీ రెండు గేజీలుంటాయి. ఒకటి సాఫీగా లోపలికి వెళ్ళాలి, రెండోది వెళ్ళకూడదు. వెళ్ళాల్సింది వెళ్ళకపోయినా, వెళ్ళకూడనిది వెళ్ళినా ఆ ముక్కని ఎర్ర ట్రేలో పడేస్తాను. పదకొండేళ్ళుగా ఇదే పని. అలాంటి నేను ఒక్క మర విషయంలో మా మావయ్య ముందు తల దించుకోవాల్సి వచ్చింది.

మావయ్యంటే అమ్మకి స్వయానా తమ్ముడు. ముప్పై ఏళ్ళు సముద్రం మీద వేట చేశాడు. బోటు మీద వల లాగే వించికి కుడిచెయ్యి చిక్కుకుని, చూపుడు వేలూ మధ్య వేలూ పోయాయి. బొటనవేలు మిగిలింది గానీ వంగదు. అత్తయ్య అంతకు చాలా ముందే పోయింది. వాళ్ళకి పిల్లల్లేరు. ఆసుపత్రి నుంచి రాగానే అమ్మ వెళ్ళి, తన మాట కాదనడానికి వీల్లేకుండా సామాను కూడా సర్దేసి, గవరపాలెంలో మా ఇంటికి తీసుకొచ్చేసింది.

ఇంట్లో ఆయనకి ఏం తోచేది కాదు. కుడిచెయ్యి మీద ఎప్పుడూ ఒక తువ్వాలు కప్పుకుని కూచునేవాడు. పొద్దున్నే చేపల బజారుకి వెళ్ళి, ఒక్కో గంపా చూసి, ఏ చేప ఎన్నాళ్ళ కిందటిదో అమ్మేవాళ్ళ మొహం మీదే చెప్పి వచ్చేవాడు. ఆయన వస్తుంటే అక్కడి ఆడవాళ్ళు గంపల మీద గోనెపట్టాలు కప్పేసేవారని అమ్మ నవ్వేది. సముద్రం మాట మాత్రం ఎత్తేవాడు కాదు. ప్రమాదం ఎలా జరిగిందని ఎవరైనా అడిగితే లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు కంపెనీలో స్టోర్స్ గది ఖాళీ చేస్తుంటే ఒక పొడుగాటి పెట్టె బయటపడింది. కొన్నేళ్ళ కిందట మెషీన్లు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు ఒకాయన వదిలేసి వెళ్ళిందట. అందులో చేపలు పట్టే రాడ్డు, దారం చుట్టే రీలు, చిన్న చిన్న కొక్కేల డబ్బా ఉన్నాయి. వాటితోపాటు పనసకాయంత చేప పట్టే గుండ్రటి వల, అల్యూమినియం చట్రానికి తగిలించి ఉంది. చట్రం అడుగున వేలెడు పొడుగు మర పొడుచుకొచ్చి ఉంది. దానికి బిగించే కర్ర మాత్రం లేదు. కావలసినవాళ్ళు తీసుకోవచ్చని స్టోర్స్ ఆఫీసరు అన్నా ఎవరూ ముందుకి రాలేదు. నేను బస్సులో అందరి మోకాళ్ళకీ తగిలించుకుంటూ ఇంటికి తెచ్చాను.

మావయ్య రాడ్డు చూసి మొహం చిట్లించాడు.

“ఒక్కో సేపనీ పిలిసి పట్టుకోడవేటే? ఇదేం ఏట?” అన్నాడు.

అన్నాడే గానీ మర్నాడు, ఆదివారం మధ్యాహ్నం నేను అన్నం తిని వచ్చేసరికి పేపరు పరిచి రీలు మొత్తం విప్పేశాడు. ఎడమచేత్తోనే విప్పాడు. పళ్ళచక్రాలు వరసగా పెట్టుకుని, ఒకదాన్ని తిప్పితే ఇంకోటి ఎటు తిరుగుతుందో చూస్తున్నాడు. రాడ్డు మొదలు కుడి చంకలో ఇరికించుకుంటే ఎడమచేత్తో రీలు తిప్పొచ్చని సాయంత్రానికల్లా కనిపెట్టాడు. డబ్బాలో ఉన్న కొక్కేలు రాడ్డు కొసనున్న రింగులోంచి దూరవని, దారాన్ని ముందు రింగుల్లోంచి లాగి ఆ తర్వాతే కొక్కెం కట్టాలని ఆయనే చూశాడు. అన్నిట్లోకీ చిన్నది ఏరి కట్టాడు. నేను పక్కన కూచుని ఊరికే చూస్తూ ఉన్నాను. ఆ పూట తువ్వాలు గోడకున్న మేకుకే వేలాడుతూ ఉండిపోయింది.

కొండకర్లలో ఆవకి, అంటే అక్కడి పెద్ద మంచినీటి సరస్సుకి, కాస్త దూరంగా అమ్మకి తెలిసినవాళ్ళ చేపల చెరువు ఉంది. ఆదివారాలు గట్టు మీద కూచోడానికి వాళ్ళు సరేనన్నారు. మొదటి రెండు వారాలు పిల్ల చేపలే పడ్డాయి. మూడో వారం ఒక శీలావతి చేప పడి, ఒడ్డుకి లాగాక పైకెత్తబోతే దారం తెగిపోయింది. నీళ్ళలో ఉన్నంతసేపూ చేప బరువు నీళ్ళే మోస్తాయని, గాల్లోకి ఎత్తగానే అంతా దారం మీద పడుతుందని మావయ్య చెప్పాడు. అందుకే పెట్టెలో ఆ గుండ్రటి వల ఉందని మాకు అప్పుడు అర్థమైంది. దానికి పేరేమిటో మాకు తెలీదు. మావయ్య గరిటె వల అన్నాడు. ఇంట్లో అదే పేరు ఉండిపోయింది.

ఆన్‌లైన్లో అల్యూమినియం కర్ర ఒకటి తెప్పించాను. ఏ వలకైనా సరిపోతుందని దాని కింద రాసి ఉంది. వచ్చాక బిగించి చూస్తే మర ఎక్కడా పట్టేయకుండా చివరిదాకా వెళ్ళింది. కానీ కొంచెం ఆడింది. చట్రాన్ని పట్టుకుని ఇటూ అటూ కదిపితే సన్నగా టక్కుటక్కుమని చప్పుడొచ్చేది. కంపెనీలో అయితే చూసిన మరుక్షణం ఎర్ర ట్రేలో పడేసేదాన్ని. ఇంట్లో మాత్రం, చేపల వలే కదా అనుకున్నాను. కుళాయిలకి చుట్టే తెల్ల టేపు నాలుగు చుట్లు చుట్టి బిగించాను. చప్పుడు ఆగిపోయింది.

ఆ ఆదివారం పదిగంటల వేళ మావయ్యకి పెద్ద చేపే పడింది. బొచ్చె. రాడ్డు విల్లులా వంగిపోయింది. ఆయన దాన్ని కంగారు పెట్టకుండా, పారిపోతే పోనిచ్చి, అలిసిపోగానే చుట్టుకుంటూ, పావుగంట ఆడించి గట్టు దగ్గరికి తెచ్చాడు. నేను వల నీళ్ళలో ముంచి పట్టుకున్నాను. చేప తల లోపలికి వచ్చింది, ఒళ్ళూ వచ్చింది. నేను ఎత్తాను. చేతుల్లో బరువు ఒక్కసారిగా పోయింది. కర్ర నా చేతిలోనే ఉంది. చట్రం, వల, చేప కలిసి నీళ్ళలోకి జారిపోయాయి.

మావయ్య రాడ్డు గట్టు మీద పడేసి నీళ్ళలోకి దిగిపోయాడు. ప్రమాదం తర్వాత ఆయన నీళ్ళలో కాలు పెట్టడం అదే మొదటిసారి. చొక్కాతోనే నడుం లోతుకి వెళ్ళి, కాళ్ళతో తడిమి, మునిగి, రెండు చేతుల్తోనూ చట్రం పట్టుకుని లేచాడు. దారం తెగిపోయింది, చేప లేదు. వల అడుగున జానెడు మేర చిరిగి ఉంది.

గట్టెక్కి, తల తుడుచుకోకుండానే నా చేతిలోంచి కర్ర తీసుకున్నాడు. చట్రం మళ్ళీ అందులో తిప్పి, కదిపి చూశాడు. టేపు తడిసి, నలిగి, పీలికలుగా వేలాడుతోంది.

“ఇది ఆడతందని నీకు ముందే తెలుసా?” అన్నాడు.

తెలుసన్నాను.

గట్టు మీద పెట్టిన సంచిలోంచి బీడీ కట్ట తీశాడు. బీడీ వెలిగించుకుని సగం కాల్చాక, ఎటో చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. బోటు మీద వించి దిమ్మకి ఒక బోల్టు సరిగ్గా పట్టేది కాదట. అసలు బోల్టు ఎప్పుడో పోతే, అందినదేదో తెచ్చి వేశారు. అది వదులుగా ఉందని అందరికీ తెలుసు. కదలకుండా దానికి గుడ్డపీలిక చుట్టి బిగించింది వేరెవరో కాదు, తనే. నాలుగు వేటలు బాగానే వెళ్ళాయి. ఐదో వేటలో వల నిండా చేప పడి, బరువు మీద వించి పక్కకి ఒరిగింది. తాడు గాడి తప్పి చెయ్యి మీదకి వచ్చింది.

“బోల్టు దొరకలేదని ఏటకెళ్ళడం మానెత్తావా? మానం. గుడ్డ సుట్టేసి ఎలిపోతాం,” అన్నాడు. “నాను సేసిందే నువ్వూ సేసేవు. నిన్ను తిట్టడానికి నాకు నోరెక్కడిది?”

ఈ సంగతి ఆయన అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదని తర్వాత తెలిసింది. తిరుగు ప్రయాణంలో ఆటోలో చట్రం, కర్ర ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. నాకు ఏడుపు వచ్చేలా ఉంది, కానీ దాన్ని మించి ఇంకో సంగతి తొలుస్తోంది. సరిపోని మర అసలు ఎక్కనే కూడదు. చివరిదాకా ఎలా ఎక్కింది?

మర్నాడు చట్రాన్నీ కర్రనీ బ్యాగులో పెట్టుకుని కంపెనీకి వెళ్ళాను. భోజనాల వేళ నా బల్ల దగ్గర ఒక్కదాన్నే కూచుని కొలిచాను. మరల మధ్య దూరం చూడటానికి మా దగ్గర దువ్వెన పళ్ళలాంటి రేకులు ఉంటాయి. మిల్లీమీటర్ల రేకుల్లో ఒకటింబావుది చట్రం మర మీద పెడితే సరిగ్గా కూచున్నట్టే కనిపించింది. దీపానికి ఎదురుగా పట్టుకుని చూస్తే మాత్రం, ఒక కొసన వెలుతురు సన్నగా కారుతోంది. అంగుళాల రేకులు తీశాను. అంగుళానికి ఇరవై పళ్ళున్న రేకు పెట్టగానే వెలుతురు మూసుకుపోయింది. లావు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు, అంటే త్రీ బై ఎయిట్ అంగుళం. కర్రలో ఉన్న మర పది మిల్లీమీటర్లది, మరల మధ్య దూరం ఒకటింబావు. లావులో అర మిల్లీమీటరు తేడా ఉంది. మరకీ మరకీ మధ్య దూరంలో తేడా మాత్రం మిల్లీమీటరులో యాభయ్యో వంతు. అందుకే ఎక్కడా అడ్డుపడకుండా ఎక్కింది, అందుకే పట్టీపట్టనట్టు పట్టింది. తేడా ఇంకాస్త ఎక్కువుంటే రెండో చుట్టులోనే బిగుసుకుపోయేది, నేను మోసపోయేదాన్ని కాదు. దాదాపుగా కుదరడమే మమ్మల్ని ముంచింది. ఇది తెలిశాక నాకు అన్నం తినాలని గుర్తుకు వచ్చేసరికి బెల్లు కొట్టేశారు.

సరైన మర ఏదో తెలిసింది గానీ, అది ఎక్కడ దొరుకుతుంది? హార్డ్‌వేర్ షాపుల్లో అడిగితే లేదన్నారు. బెల్లం మార్కెట్ వెనక వీధిలో చెరకు గానుగలు రిపేరు చేసే లేత్ షాపు ఒకటుంది, అక్కడ అడగమని ఒకాయన చెప్పాడు. మావయ్యని కూడా రమ్మన్నాను. వస్తాడనుకోలేదు, వచ్చాడు.

లేత్ మీద ఉన్నాయనకి డెబ్బై ఏళ్ళు ఉంటాయి. కళ్ళజోడుకి దారం కట్టి మెడలో వేసుకున్నాడు. వెనక గోడకి బైబిల్ వాక్యం ఉన్న చర్చి క్యాలెండరు. మెషీను ఆపి, చట్రం చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకోకుండానే మర మీద బొటనవేలి గోరు ఒకసారి జార్చాడు.

“త్రీ బై ఎయిట్. గానుగ మర కాదమ్మా. గానుగకైతే అంగుళానికి పదారు. ఇది ఇరవై,” అన్నాడు.

నేను రేకులూ దీపం పెట్టుకుని అరగంటలో తేల్చింది ఆయన గోటితో చెప్పేశాడు. ఎలా తెలుసని అడిగితే, పాత బుల్లెట్ బండ్లలో ఈ మరే ఉండేదని, కుర్రతనంలో అవే బాగుచేసేవాణ్ణని చెప్పాడు. తర్వాత ఆయనే మమ్మల్ని ఆశ్చర్యంగా అడిగాడు. బుల్లెట్ బండి మర చేపల వలకి ఎందుకొచ్చింది? మాకూ తెలీదు. ముగ్గురం నిలబడి కాసేపు ఆలోచించాం. ఆ ఇంజనీరు దేశంలో మొట్టమొదట ఈ గరిటె వల చేసినవాడి షాపులో ఈ మర కోసే ట్యాపే ఉండి ఉంటుందని, తర్వాతవాళ్ళు దానికి తగ్గట్టే చేసుకుంటూ పోయుంటారని ఆయన అనుకున్నాడు. నిజమో కాదో గానీ, నాకు ఇప్పటికీ అదే నిజమనిపిస్తుంది. సొరుగు అడుగున నూనె కాగితంలో చుట్టిన ట్యాప్ తీసి చూపించాడు. ఇరవై ఏళ్ళుగా దాని అవసరం రాలేదట. తుప్పు చుక్క లేదు.

అల్యూమినియం కర్ర వద్దన్నది మావయ్య. తడిస్తే జారుతోంది, ఒంటిచేత్తో పట్టు దొరకడం లేదు. వెదురుదైతే చంకలో ఇరికించుకోవచ్చు. లేత్ ఆయన మావయ్య కుడిచేతిని మొహమాటం లేకుండా పట్టుకుని, ఏ వేలు ఎంతవరకు వంగుతుందో చూశాడు. తన ఎడమచేతి చిటికెన వేలికీ కొస లేదు. అది చూపించాడు. మావయ్య బజారులోంచి ఒక వెదురు కర్ర ఏరి తెచ్చాడు. లేత్ ఆయన వెదురు మందం కొలిచి, దానికి తొడిగేలా టోపీలాంటి ఇత్తడి గిన్నె ఒకటి లేత్ మీద చేసి, నడుమ చిల్లు వేసి, ఆ పాత ట్యాప్‌తో మర తీశాడు. చట్రం అందులో తిప్పుతుంటే చప్పుడు లేదు. చివర్న ఆగిన చోట ఆగిపోయింది, కదపబోతే కదల్లేదు.

అయితే ఇంటికొచ్చాక ఇంకో చిక్కు. వెదురుకి చిన్న వంపుంది. ఆ వంపు చంకలో సరిగ్గా కూచునేలా పట్టుకుంటే, బిగించిన వల నీళ్ళవైపు కాకుండా పక్కకి తిరిగి ఉంది. పావు చుట్టు ముందే ఆగాలి. నేను కాగితం తీసి లెక్క వేశాను. ఒక చుట్టుకి ఒకటింబావు మిల్లీమీటరు చొప్పున, మధ్యలో మిల్లీమీటరులో మూడోవంతు మందం వాషరు పడాలి. అంత పల్చటి వాషరు ఎక్కడ దొరుకుతుందా అని నేను ఆలోచిస్తుండగా, మావయ్య పాత తోలు చెప్పులోంచి ఒక రింగు కోసి వేశాడు. బిగించి చూసి, తీసి, రాయి మీద కాస్త అరగదీసి మళ్ళీ వేశాడు. మూడోసారికి వల నీళ్ళవైపు తిరిగింది. నా లెక్క కాగితాన్ని అమ్మ పొయ్యి వెలిగించడానికి వాడేసుకుంది.

ఇక మిగిలింది చిరిగిన వల. దానికీ ఆన్‌లైన్లో ఇంకోటి తెప్పించాను. ఇరవైనాలుగు అంగుళాలు అని రాసి ఉంది. ఆ కొలత చట్రం వెడల్పో, చుట్టుకొలతో, వల లోతో ఎక్కడా లేదు. వచ్చింది మూతి చిన్నదైపోయి చట్రానికి సగం దాకానే ఎక్కింది. తిప్పి పంపించేశాను. చిరిగినదాన్నే కుట్టేద్దామని అమ్మ అంది. మావయ్య చిరుగులో వేళ్ళు పెట్టి చూసి, వల పక్కన పెట్టేశాడు.

రెండు రోజుల తర్వాత డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆయన కిటికీ కమ్మీకి దారం కట్టుకుని వల అల్లుతున్నాడు. వల అల్లే సూది ఆయనే వెదురు ముక్కతో చెక్కుకున్నాడు. ప్రమాదం తర్వాత ఆయన సూది పట్టుకోవడం నేను చూడలేదు. కుడిచేతి ఉంగరం వేలికీ చిటికెన వేలికీ మధ్య దాన్ని ఇరికించి, ముడి పడేటప్పుడు దారం కొస పంటితో పట్టుకుంటున్నాడు. ఒక్కో ముడికీ ఒక నిమిషం పడుతోంది. చాలా ముళ్ళు విప్పి మళ్ళీ వేస్తున్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, నన్ను మాట్లాడొద్దని సైగ చేసి, లోపలికి వెళ్ళి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

కాసేపయ్యాక ఆయనే పిలిచాడు. వల కళ్ళు, అంటే ముళ్ళ మధ్య సందులు, ఎంత పెట్టాలో తెలీడం లేదన్నాడు. అది విని నాకు వింతగా అనిపించింది. సముద్రం మీద ఏ చేపకి ఎంత కన్నో నిద్రలో అడిగినా చెప్పగలడు.

“ముప్పై ఏళ్ళు సేప మెడ సిక్కుకునే కన్నే అల్లేనమ్మా. తల దూరాల, ఒళ్ళు దూరకూడదు. అదీ లెక్క,” అన్నాడు. “ఇదలా కాదు. ఇది సేపని పట్టుకోకూడని వల. ఊరికే మొయ్యాల. తల దూరితే మొప్పలు సిరిగిపోతాయి, కన్ను మరీ సిన్నదైతే నీళ్ళు దిగక బరువెక్కిపోద్ది. మద్దిలో ఎక్కడుందో ఎతకాల.”

ఆ వెతుకులాట వారం రోజులు సాగింది. కన్ను కొలత కోసం పాత ప్లాస్టిక్ స్కేలు ముక్కలు మూడు సైజుల్లో కోసుకుని, ఒక్కోదాని మీద జానెడు అల్లి, బకెట్లో ముంచి ఎత్తి, నీళ్ళు ఎంతసేపట్లో కారతాయో చూసేవాడు. బజారు నుంచి చేప తెచ్చి దాని రెక్క ముళ్ళు ఎందులో ఇరుక్కుంటున్నాయో చూసి, తర్వాత ఆ చేపనే అమ్మకి పులుసుకి ఇచ్చేవాడు. చివరికి తన చిటికెన వేలు దూరి, ఉంగరం వేలు దూరనంత కన్ను దగ్గర ఆగాడు. మూతి దగ్గర కళ్ళు లెక్కపెట్టి, చట్రం మీద సరిగ్గా సరిపోయేలా అల్లి, కిందకి వచ్చేకొద్దీ తగ్గించుకుంటూ వచ్చాడు. పూర్తయ్యాక చట్రానికి తొడిగితే ఎక్కడా ముడతా లేదు, బిగువూ లేదు.

తర్వాతి ఆదివారం చేప పడలేదు. ఆ పై ఆదివారం ఎండ ముదిరాక ఒక బొచ్చె పడింది. మొదటిదాని కంటే చిన్నదే. ఈసారి మావయ్య రాడ్డు నా చేతికిచ్చి, వల తాను తీసుకున్నాడు. వెదురు మొదలు చంకలో ఇరికించి, చట్రం నీళ్ళలో దించి, చేపని తన వైపు నడిపించమన్నాడు. నేను రీలు గబగబా తిప్పబోయాను. లాగొద్దు, ఊరికే పట్టుకో, అదే వస్తుంది అని మెల్లగా చెబుతూనే ఉన్నాడు. చేప వలలోకి వచ్చింది. ఆయన ఎత్తాడు. ఇత్తడి దగ్గర ఏ చప్పుడూ రాలేదు.

చేపని గట్టు మీద తడి గోనెపట్టా మీద పెట్టి, ముందు మొప్పలు ఎత్తి చూశాడు, తర్వాత రెక్కలు విప్పి చూశాడు. ఎక్కడా ఒక్క పొలుసైనా ఊడలేదు. నాకేసి చూసి తల ఊపాడు. చెరువు వాళ్ళకి సగం ఇచ్చి, మిగతాది ఇంటికి తెచ్చుకున్నాం. ఇంటికొచ్చాక అమ్మకి వించి బోల్టు సంగతి ఆయనే చెప్పాడు. అమ్మ చేప కడుగుతూ విన్నది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని మాత్రం అడగలేదు.

ఆ మరుసటి నెలలో నేను కంపెనీలో ఒకరోజు లాటు సరుకు మొత్తాన్నీ వెనక్కి పంపాను. గేజీ లోపలికి వెళ్ళింది, బాగానే వెళ్ళింది, కానీ ఎందుకో చేతికి నచ్చక దీపానికి ఎదురుగా పట్టుకుని చూశాను. సూపర్‌వైజరు విసుక్కున్నాడు. మళ్ళీ కొలిచాక తనే ఎర్ర ట్రేలు తెప్పించాడు.

మా బస్సు డ్రైవరుకీ చేపల పిచ్చి ఉందని ఆ మధ్యే తెలిసింది. ఆయన ఒక పొద్దున్న బస్సు మా వీధి మొగన ఆపి, తన గరిటె వల తెచ్చి మావయ్యకి చూపించాడు. దానికి మరే లేదు. బటన్ నొక్కితే టక్కున పడే గొళ్ళెం ఉంది. మావయ్య దాన్ని మోకాళ్ళ మధ్య పెట్టుకుని బటన్ నొక్కుతూ, వదులుతూ, లోపల స్ప్రింగు ఎటు కదులుతోందో చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. డ్రైవరు పక్కన నిలబడి బస్సు హారన్ కొట్టొద్దని క్లీనరుకి చెయ్యి ఊపుతున్నాడు. విప్పి చూడొచ్చా అని మావయ్య అడిగాడు.